చిత్రకారుడు కాన్‌స్టబుల్ బొమ్మ పక్కన కూలీల ఆకలి సంగతి రాయాలా?

రవళి_లండన్:
లండన్ నేషనల్ గ్యాలరీలో జాన్ కాన్‌స్టబుల్ 1821లో వేసిన ‘ది హే వేన్’ ఉంది. తూర్పు ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో స్టౌర్ నది, ఒడ్డున విల్లీ లాట్ అనే రైతు ఇల్లు, నీళ్లలో గడ్డిబండి. చూస్తే ప్రాణం లేచొస్తుంది. కానీ 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఆ తూర్పు జిల్లాల్లో కూలీలకు పనుల్లేవు. 1816లో, మళ్లీ 1822లో అల్లర్లు జరిగాయి, నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు. బొమ్మ పక్కన బోర్డులో ఈ సంగతి ఉండాలంటాను. మీరేమంటారు?

కుంచె_మాస్టారు:
వద్దండీ. మనం చూడకముందే బోర్డు తీర్పు చెప్పేస్తే ఇక చూసేదేముంది? 1824లో ప్యారిస్ సలోన్ అనే పెద్ద చిత్రప్రదర్శనలో దీనికి బంగారు పతకం వచ్చింది. ఫ్రెంచి చిత్రకారులు మెచ్చుకున్నది ఆ పచ్చదనాన్ని, నీటి మీద వెలుగుని. సఫోక్ కూలి రేట్లని కాదు. పైగా అది కాన్‌స్టబుల్ చిన్నప్పుడు తిరిగిన చోటు, పక్కనే వాళ్ల నాన్న మిల్లు. ఊరి మీద బెంగతో వేసినదాన్ని నేరంలా చూపిస్తే ఎలా?

రవళి_లండన్:
నేరం అనలేదండీ. నాన్న మిల్లు అన్నారు చూశారా, నా పాయింట్ అదే: ఒడ్డున నిలబడి చూస్తున్నది యజమాని కొడుకు. ఊరి చుట్టుపక్కల రోజూ రాత్రి అల్లర్ల మంటలు కనిపిస్తున్నాయని తమ్ముడు పంపిన కబురుని కాన్‌స్టబులే స్నేహితుడికి ఉత్తరంలో రాశాడు.

కుంచె_మాస్టారు:
ఆ ఉత్తరం 1822ది. బొమ్మ అంతకు ముందు ఏడాదిది. తేదీలు కలిపేయకండి.

పొలంగట్టు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. బొమ్మ కుడివైపు, బాగా దూరంగా చూశారా? గడ్డి కోసేవాళ్లు ఉన్నారు, తెల్లటి చుక్కల్లా. ఖాళీ బండి పోతున్నది వాళ్ల దగ్గరికే. అదే గ్యాలరీలో గెయిన్స్‌బరో అనే చిత్రకారుడు 1750 ప్రాంతంలో సఫోక్‌లోనే సడ్‌బరీ ఊరి దగ్గర వేసిన ఆండ్రూస్ దంపతుల బొమ్మ ఉంది. కోసి కట్టిన పనలు వరసగా ఉన్నాయి, కోసినవాళ్లు ఒక్కరూ లేరు! నన్నడిగితే పెద్ద బోర్డు పెట్టాల్సింది దానికి. దీనికి ‘కుడివైపు చివర చూడండి’ అని ఒక్క లైను చాలు.

కుంచె_మాస్టారు:
ఆ లైనైతే నాకు ఓకే, కన్ను మళ్లీ బొమ్మ మీదకే పోతుంది. ఆండ్రూస్ బొమ్మకు అదీ వద్దు. ఆయన తుపాకీ పట్టుకుని నిలబడ్డ తీరు చూస్తే పొలం ఎవరిదో తెలిసిపోవట్లేదూ?

రవళి_లండన్:
పొలం ఎవరిదో తెలుస్తుంది, కోసిందెవరో తెలీదు కదా! ‘హే వేన్’కైనా ఒక్క లైను చాలదండీ. ఏడాది తిరక్కుండా యంత్రాలు ఎందుకు పగిలాయో ఆ తెల్ల చుక్కలు చెప్పవు. రెండో లైనుకు ఒప్పుకోండి, తేదీలు విడివిడిగానే రాద్దాం.