కీటో: పథ్యమా, నిత్యాహారమా?

పోషణ పాఠకుడు:

రోజుకు తీసుకునే పిండిపదార్థాలను 50 గ్రాముల లోపుకు, కొందరైతే 20 గ్రాములకే పరిమితం చేసి, కావలసిన శక్తిలో 70 శాతానికి పైగా కొవ్వు నుంచే పొందే పద్ధతిని కీటో ఆహారం అంటున్నాము. దీనిని పాటించి మూడు నెలల్లో బరువు తగ్గిన మిత్రులు నాకు ఉన్నారు. వారిలో ఇద్దరు జీవితాంతం ఇలాగే తింటామని అంటున్నారు. బరువు తగ్గుతుందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. ఏ జబ్బూ లేని పెద్దవారు ఏళ్ల తరబడి ఇలా తినడం పోషణ దృష్ట్యా సమంజసమేనా, అసలు అన్నేళ్లు కొనసాగించగల పద్ధతేనా అన్నది తెలుసుకోవాలని ఉంది. అనుభవం ఉన్నవారు, ఆధారాలు చూసినవారు దయచేసి రాయండి.

మధుమేహంతో పదేళ్లు:

నేను అనుకూలంగా రాస్తున్నాను. నాకు రెండో రకం మధుమేహం వచ్చి పదేళ్లు దాటింది. వైద్యుని పర్యవేక్షణలో పిండిపదార్థాలను 40 గ్రాములకు తగ్గించాక మొదట ఇన్సులిన్ మోతాదు తగ్గింది, కొన్ని నెలలకు దాని అవసరమే లేకపోయింది. శరీరం గ్లూకోజును సరిగా వాడుకోలేకపోతున్నప్పుడు గ్లూకోజు రాకను తగ్గించడం కంటే సూటి మార్గం ఏముంటుంది? ఆకలి కూడా నాకు బాగా అదుపులోకి వచ్చింది.

ఎవరూ దీనిని కొనసాగించలేరన్న మాటను నేను ఒప్పుకోను. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో మధుమేహం ఉన్న 262 మంది ఈ పద్ధతిని ఎంచుకోగా, ఏడాది తరువాత 83 శాతం మంది ఇంకా అందులోనే ఉన్నారు. వారు చీటీలు తీసి యాదృచ్ఛికంగా ఎంపిక చేసినవారు కాక తమంతట తాము చేరినవారేనని, వారికి ఏడాది పొడవునా దూరం నుంచి వైద్యుల, శిక్షకుల తోడు లభించిందని నాకు తెలుసు. అయినా సాధ్యమే కాదనడానికి, తోడు ఉంటే సాధ్యమనడానికి చాలా తేడా ఉంది.

పథ్య నిపుణురాలు:

మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు కీటో ఆహారం లెక్కగట్టి ఇవ్వడమే నా వృత్తి. అందువల్ల దీని మీద నాకు ఉన్నది ద్వేషం కాదు, గౌరవం. ఆ గౌరవంతోనే ఒక మాట చెబుతాను. జబ్బు ఉన్నన్నాళ్లు, మందుకు తోడుగా, వైద్యుడు చెప్పిన గడువు వరకు పాటించేదానిని మనం పథ్యం అంటాము. కీటో అచ్చంగా అలాంటి పథ్యంగానే పుట్టింది.

ఉపవాసం ఉన్నప్పుడు మూర్ఛలు తగ్గుతున్నాయని గమనించిన వైద్యులు, మనిషిని పస్తు ఉంచకుండానే ఆ స్థితిని తేవడం ఎలాగని ఆలోచించారు. 1921లో మేయో క్లినిక్‌కు చెందిన రస్సెల్ వైల్డర్ దానికి మార్గం సూచించి, కీటోజెనిక్ ఆహారమని పేరు పెట్టారు. పిండిపదార్థాలు అందకపోతే కాలేయం కొవ్వును విరిచి కీటోన్లను తయారుచేస్తుంది, మెదడు గ్లూకోజుకు బదులుగా చాలావరకు వాటితో పనిచేస్తుంది. 1938లో ఫెనిటోయిన్ అనే మందు వచ్చాక ఈ పథ్యం వెనుకబడింది, 1990లలో మళ్లీ ఆదరణ పొందింది. 2008లో 145 మంది పిల్లలపై జరిగిన బ్రిటన్ పరీక్షలో, మూడు నెలల తరువాత, ఈ పథ్యం పాటించినవారిలో 38 శాతం మందికి మూర్ఛలు సగానికి పైగా తగ్గాయి. పాటించని వర్గంలో అది 6 శాతమే. మందులన్నీ విఫలమైన పిల్లల తల్లిదండ్రులకు ఈ అంకె ఎంత పెద్దదో నేను ఎదురుగా కూర్చుని చూశాను.

అయితే దానిని మేము ఎలా ఇస్తామో కూడా చూడండి. సంప్రదాయ పద్ధతిలో, మాంసకృత్తులూ పిండిపదార్థాలూ కలిపి ఒక గ్రాముకు నాలుగు గ్రాముల కొవ్వు చొప్పున, ప్రతి ముద్దనూ తూచి ఇస్తాము. విటమిన్లు, కాల్షియం విడిగా ఇవ్వకపోతే లోపాలు వస్తాయి. కొందరు పిల్లలకు మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడతాయి, కొందరిలో ఎదుగుదల మందగిస్తుంది, అందుకని రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేస్తాము. బాగా పనిచేసిన పిల్లలకైనా సాధారణంగా రెండేళ్ల తరువాత మెల్లగా మాన్పించడానికి ప్రయత్నిస్తాము. ఈ ఆహారాన్ని వంద సంవత్సరాలుగా ఎరిగిన రంగమే దానికి ముగింపు తేదీ పెట్టుకుంటున్నప్పుడు, ఏ జబ్బూ లేనివారు ముగింపు లేకుండా మొదలుపెట్టడం నాకు ఆందోళన కలిగిస్తుంది.

ఆకలి విషయంలో మీ అనుభవాన్ని కాదనను. కానీ 2021లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 20 మందిని తమ కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు మాంసాహార ప్రధానమైన కీటో భోజనం, మరో రెండు వారాలు కొవ్వు తక్కువైన శాకాహారం కోరినంత తినమన్నారు. కొవ్వు తక్కువైన భోజనంలోనే వారు రోజుకు సుమారు 690 కేలరీలు తక్కువ తిన్నారు. కీటో వారాల్లో భోజనానంతర గ్లూకోజు తక్కువగా ఉన్న మాట నిజమే. మొదటి వారాల్లో కనిపించే బరువు తగ్గుదలలో నీటి పాలు ఎక్కువన్నది కూడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే పిండిపదార్థం ఒంట్లో నిల్వ ఉండే రూపమైన గ్లైకోజెన్ ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, నిల్వ తరిగితే ఆ నీరూ పోతుంది.

మధుమేహంతో పదేళ్లు:

మీరు చెప్పినది శ్రద్ధగా చదివాను. ఒక్క అభ్యంతరం ఉంది. మూర్ఛ పథ్యంలోని నాలుగింతల కొవ్వును పెద్దల కీటోతో సమానం చేయలేము, మేము మాంసకృత్తులు ఎక్కువగానే తీసుకుంటాము. గింజలు, చేపలు, వృక్షసంబంధమైన నూనెలు, ఆకుకూరలతోనూ కీటో చేయవచ్చు. వెన్న, మాంసంతోనే చేసేవారి ఫలితాలను అందరికీ అంటగట్టడం న్యాయం కాదు.

పథ్య నిపుణురాలు:

న్యాయమైన అభ్యంతరం, మొదటి భాగాన్ని అంగీకరిస్తున్నాను. రెండో భాగానికి మంచి పరీక్షే జరిగింది. 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మధుమేహం గానీ దాని ముందు దశ గానీ ఉన్నవారికి నాణ్యమైన కీటో భోజనాన్ని 12 వారాలు, పప్పుధాన్యాలు, పండ్లు, ముడిధాన్యాలు కలిసిన మధ్యధరా తరహా భోజనాన్ని 12 వారాలు ఇచ్చి పోల్చారు. రెండింటిలోనూ కూరగాయలు ఎక్కువ, చక్కెర, శుద్ధి చేసిన ధాన్యాలు తక్కువ. మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్షలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రక్తంలోని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు కీటోలో ఎక్కువ తగ్గాయి, అది దాని గెలుపే. కానీ చెడు కొలెస్ట్రాల్ కీటోలో పెరిగింది, రెండోదానిలో తగ్గింది. పీచు, కొన్ని విటమిన్లు కీటోలో తక్కువగా అందాయి. అంటే పప్పుధాన్యాలను, పండ్లను వదులుకున్నందుకు చక్కెర విషయంలో అదనంగా దక్కింది దాదాపు ఏమీ లేదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే.

సాగు పరిశీలకుడు:

కొనసాగించడం అన్న మాటకు నేల వైపు నుంచి కూడా అర్థం ఉంది. అమెరికాలో 16,000 మందికి పైగా పెద్దల ఆహారాన్ని పరిశీలించిన 2023 నాటి అధ్యయనంలో, ప్రతి 1,000 కేలరీలకు కీటో తరహా భోజనం దాదాపు 2.9 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైన ఉద్గారాలకు కారణమైంది. పాలు, గుడ్లు కూడా లేని పూర్తి శాకాహారంలో అది 0.7 కిలోలు. పోల్చిన ఆహారాలన్నింటిలో కీటోదే పెద్ద అంకె. పైన చెప్పిన గింజలు, నూనెల కీటోకు ఈ అంకె వర్తించకపోవచ్చు, కానీ ఆచరణలో ఎక్కువమంది తినేది అది కాదు. జబ్బు ఉన్నవారి పథ్యం మీద ఈ లెక్క మోపడం మాత్రం నాకు ఇష్టం లేదు.

పోషణ పాఠకుడు:

అందరికీ కృతజ్ఞతలు. ఇక నా మిత్రులు ఇద్దరికీ ఏం చెప్పాలి? వారిని భయపెట్టకుండా, సాధించినది పోగొట్టుకోకుండా ఉండే మార్గం కావాలి.

పథ్య నిపుణురాలు:

ముందు వారు వాడే మందులు అడగండి. మధుమేహానికి ఇచ్చే, పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే తరగతి మందులు వాడేవారిలో, రక్తంలో చక్కెర అంత పెరగకుండానే కీటోయాసిడోసిస్, అంటే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లమయమయ్యే ప్రమాదకర స్థితి, రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. కీటో ఆహారం ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. ఇన్సులిన్ వాడేవారు మోతాదు సవరించకుండా మొదలుపెడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. పైన రాసిన మిత్రుడు వైద్యునితో కలిసి చేశారు కాబట్టే ఆయనకు మేలు జరిగింది.

మందులేవీ లేకపోతే ఈ వారమే కొలెస్ట్రాల్ పరీక్ష చేయించమనండి. చెడు కొలెస్ట్రాల్ పెరిగి ఉంటే, బరువు ఎంత తగ్గినా, ఇలాగే కొనసాగవద్దు. బాగుంటే, కంగారు లేకుండా పప్పుధాన్యాలతో, పండ్లతో మొదలుపెట్టి రెండు మూడు నెలల్లో పిండిపదార్థాలను తిరిగి చేర్చుకోమనండి. మొదటి వారంలో ఒకటి రెండు కిలోలు పెరుగుతారు. అది తిరిగి వచ్చిన నీరని ముందుగానే చెప్పండి, లేకపోతే బెదిరిపోయి మళ్లీ మొదటికి వెళతారు.