బీమా కంపెనీ వైద్యుడిని కోర్టులో ప్రశ్నించే వీలు లేదా?

ఇర్వింగ్ వాసి, టెక్సస్:
నడుము శస్త్రచికిత్స తర్వాత గంటసేపు కూడా కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. కోడు రాసే ఉద్యోగం కుర్చీ లేకుండా ఎలా సాగుతుంది? ఆఫీసు ద్వారా వచ్చిన దీర్ఘకాల వైకల్య బీమా కొంతకాలం నెలనెలా డబ్బు ఇచ్చి, గత నెల ఆపేసింది. వాళ్ల వైద్యుడు నన్ను చూడనైనా లేదు. కాగితాలు తిరగేసి, కూర్చుని చేసే పని చేయగలడని రాసేశాడు. ఆయనను బోనులో నిలబెట్టి అడగాలని ఉంది. అది దాదాపు కుదరదని లాయరు అంటున్నారు. నిజమేనా?

శాన్ హోజే మిత్రుడు:
కంపెనీ ఈమెయిళ్లన్నీ రప్పించి జ్యూరీ ముందు పెట్టండి. మా బావమరిది కారు ప్రమాదం దావాలో అలాగే గెలిచాడు.

హ్యూస్టన్ (లాయరు ఆఫీసులో ఇవే కేసులు చూస్తాను):
కారు ప్రమాదం వేరండీ. ఉద్యోగం ద్వారా వచ్చిన బీమాకు 1974 నాటి ఎరిసా (ఉద్యోగ ప్రయోజనాలపై ఫెడరల్ చట్టం) వర్తిస్తుంది. ఇక్కడ సాధారణంగా జ్యూరీ ఉండదు. నిర్ణయం నాటికి కంపెనీ దగ్గరున్న ఫైలునే జడ్జి చూస్తారు. టెక్సస్‌పై అధికారం ఉన్న ఐదో సర్క్యూట్ కోర్టు (ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) 1999లో వేగా కేసులో ఈ గీత గీసింది. 2011లో క్రాస్బీ కేసులో కాస్త సడలించింది: ఫైలు పూర్తిగా ఉందా, నియమాలు పాటించారా, కంపెనీకి స్వప్రయోజనం ఉందా అన్నవి తవ్వవచ్చు. మీ నడుము నొప్పిపై కొత్త సాక్ష్యం మాత్రం కష్టం.

అందుకే బోనులో అడగాలనుకున్న ప్రశ్నలన్నీ కోర్టుకు ముందు బీమా కంపెనీకే పంపే అప్పీలు ఉత్తరంలోనే అడగండి. జవాబు ఇవ్వకపోతే ఆ మౌనమూ ఫైలుకెక్కుతుంది. డబ్బు ఆపేస్తున్నామన్న కంపెనీ ఉత్తరం మీకు అందినప్పటి నుంచి అప్పీలుకు కనీసం 180 రోజుల గడువు ఉంటుంది. ముందు మీ ఫైలు నకలు రాతపూర్వకంగా అడగండి, ఉచితంగా ఇవ్వాలి. చికిత్స చేసిన వైద్యుడి మాటకు ప్రత్యేక విలువ ఇవ్వనక్కరలేదని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక 'పని చేయలేడు' అన్న ఒక్క వాక్యం చాలదు. ఎన్ని నిమిషాలు కూర్చోగలరో, ఎందుకో, ఏ పరీక్షలో తేలిందో మీ సర్జన్ రాయాలి. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఒక పేజీ అప్పీలు పంపేసి, అది తిరస్కరించాక స్కానింగులు పట్టుకుని వస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే!

ఇర్వింగ్ వాసి:
మా మేనేజరు, నా భార్య రాసినవి కూడా పెట్టవచ్చా?

హ్యూస్టన్:
తప్పకుండా. అప్పీలులో కంపెనీ కొత్త వైద్య నివేదిక తెప్పించి, దాని ఆధారంగా తిరస్కరించాలనుకుంటే, నిర్ణయానికి ముందే మీకు చూపాలి. 2018 ఏప్రిల్ నుంచి ఈ నియమం ఉంది. దానికీ మీ సర్జన్‌తో జవాబు రాయించి పంపండి.