సంతకం ఫోటో అతికిస్తే చెల్లదా?

అగ్రిమెంట్ పీడీఎఫ్‌లో నా సంతకం ఫోటో అతికించి పంపేశానండి, ఇప్పుడేమో డిజిటల్ సంతకమే కావాలంటున్నారు. రెండూ ఒకటి కాదా?

జవాబు 1: కాదండీ. ఫోటో అయితే ఎవరైనా తీసి ఇంకో కాగితం మీద అతికించేయొచ్చు. డిజిటల్ సంతకంలో ఫైల్ మొత్తానికి హాష్ (ఫైల్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి చిన్న కోడ్) తీసి దాన్ని మీ ప్రైవేట్ కీతో (మీ దగ్గర మాత్రమే ఉండే రహస్య కోడ్‌తో) సైన్ చేస్తారు, తర్వాత ఒక్క కామా మార్చినా చెక్ చేసినప్పుడు దొరికిపోతుంది. అలాగని ఫోటో బొత్తిగా పనికిరాదనీ కాదు, యూరప్‌లో ఎలక్ట్రానిక్ సంతకాల మీద 2014లో వచ్చిన ఈఐడాస్ అనే ఈయూ రూల్ ప్రకారం ఎలక్ట్రానిక్ అన్న ఒక్క కారణంతో సంతకాన్ని కోర్టు తోసేయకూడదు, కాకపోతే చేతి సంతకంతో సమాన హోదా క్వాలిఫైడ్ సిగ్నేచర్‌కే (గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్‌తో చేసే డిజిటల్ సంతకం).

జవాబు 2: ఆ కీ, పాస్‌వర్డ్ అకౌంటెంట్ చేతిలో పెట్టకండి బాబూ. నేను పెట్టా. నేను చూడని కాగితాల మీద కూడా నా సంతకం పడింది, నేను చెయ్యలేదని నిరూపించుకోడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

జవాబు 3: టాపిక్ కాస్త పక్కకెళ్తోంది గానీ, ఇలాంటి కీలతో సందేశాల్ని రహస్యంగా దాచే లెక్కల్ని ఒకప్పుడు అమెరికా ఆయుధాల లిస్టులో పెట్టింది, లైసెన్స్ లేకుండా ఎగుమతి చెయ్యకూడదనేవాళ్లు. పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ రాసిన ఫిల్ జిమ్మర్‌మన్ మీద విచారణ నడిచి 1996లో ఆగింది, ఈలోపు ఆ నిషేధాన్ని తప్పించుకోడానికి ఆ కోడ్‌ని పుస్తకంగా అచ్చేశారు 😀

అడిగినవారు: అర్థమైందండి, డిజిటల్ సంతకం సర్టిఫికెట్‌కి అప్లై చేస్తున్నా.