73 ఫ్యాన్ పీడీఎఫ్‌లు, ఒక్క టేబుల్: మోర్డ్‌హైమ్ రూల్స్ మీరెలా సర్దుకుంటున్నారు?

ఒంటికన్ను_కెప్టెన్ అడిగారు:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

మేం ఐదుగురం నాలుగేళ్లుగా మోర్డ్‌హైమ్ ఆడుతున్నాం. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: 1999లో గేమ్స్ వర్క్‌షాప్ తెచ్చిన స్కిర్మిష్ గేమ్ ఇది, అంటే బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే చిన్న దండుల పోరు. తోకచుక్క పడి శిథిలమైపోయిన నగరం, ఒక్కొక్కరి చేతిలో పది పదిహేను బొమ్మల దండు, ఆ శిథిలాల్లో దొరికే వైర్డ్‌స్టోన్ అనే మాయరాయి ముక్కల కోసం కొట్లాట. ఆట ముగిసినా లెక్క తేలదు. గాయాలు, అనుభవం, డబ్బు అన్నీ తర్వాతి ఆటకి వెంట వస్తాయి. నా కెప్టెన్‌కి రెండో ఆటలోనే గాయాల పట్టికకి డి66 (రెండు పాచికలు, ఒకటి పదుల అంకె, ఇంకోటి ఒకట్ల అంకె) వేస్తే 31 పడి ఓ కన్ను పోయింది. నా పేరు అక్కడిదే. కంపెనీ ఈ ఆటను పక్కన పెట్టి చాలా ఏళ్లయింది కాబట్టి ఇప్పుడు కొత్త దండులు, కొత్త సినారియోలు ఏమొచ్చినా ఫ్యాన్స్ రాసినవే.

తలనొప్పి కూడా అక్కడే మొదలైంది. నా ఫోల్డర్‌లో 73 ఫైళ్లున్నాయి. ఒకదాని పేరు 'ఫైనల్', ఇంకోదాని పేరు 'ఫైనల్ 2', మూడోదాని పేరు 'ఇదే వాడాలి'. ఆ 'ఇదే వాడాలి' మిగతా రెండిటికంటే పాతదని మొన్నే తెలిసింది.

పోయిన ఆదివారం జరిగింది చెప్తా. మా వాడొకడు ఫ్యాన్స్ రాసిన సమాధుల దండుతో ఆడాడు. ఆట అయ్యాక ఎక్స్‌ప్లొరేషన్‌కి, అంటే శిథిలాల్లో ఏం దొరికిందో చూడ్డానికి, పాచికలు వేస్తే రెండు నాలుగులు పడ్డాయి. అంటే దారి తప్పిన మనిషొకడు దొరికాడన్నమాట. మూల పుస్తకం ప్రకారం స్కేవెన్ దండు (ఎలుక మనుషులు) వాణ్ణి బానిసగా అమ్ముకుని 2డి6, అంటే రెండు పాచికలు కలిపి ఎంత పడితే అన్ని, నాణేలు తెచ్చుకోవచ్చు, పొసెస్డ్ దండు (దుష్టశక్తుల భక్తులు) బలి ఇవ్వొచ్చు, అన్‌డెడ్ దండు (చచ్చి లేచినవాళ్లు) అయితే చంపి ఓ జాంబీని ఉచితంగా చేర్చుకోవచ్చు. మిగతావాళ్లకి వాడు చెప్పే కబుర్లే గతి, తర్వాతిసారి ఓ పాచిక అదనంగా వేసి ఒకటి తీసేయొచ్చు. "మావాళ్లు చచ్చినవాళ్లే, జాంబీ నాదే" అన్నాడు వాడు. "అన్‌డెడ్ అంటే పుస్తకంలో ఆ పేరున్న దండు, చచ్చినవాళ్లందరూ కాదు" అని ఇంకొకడు. సరే ఫైల్ చూద్దామని తెరిస్తే ఒకే దండుకి రెండు వెర్షన్లు. ఒకదాంట్లో జాంబీలున్నాయి, ఇంకోదాంట్లో అసలా ఊసే లేదు. నలభై నిమిషాలు పోయాయి. ఆ రెండు పాచికలు అంతసేపూ బల్ల మీద అలాగే నాలుగులు చూపిస్తూ కూర్చున్నాయి.

డాలు గొడవ వేరే. డాలు మరీ బలహీనమని, చేతి ఆయుధంతో కలిపి వాడితే దగ్గరి పోరులో కవచానికి ఇంకో +1 ఇద్దామని రెండేళ్ల కింద ఒప్పుకున్నాం. ఆ ఆయుధం ఏదైనా ఫర్వాలేదని నేనంటాను, కత్తి మాత్రమేనని మా ఇంకో ఫ్రెండ్ అంటాడు. రాసుకున్న కాగితం ఎక్కడ పెట్టామో ఎవరికీ గుర్తులేదు.

అన్నిటినీ కలిపి ఒకే పెద్ద పుస్తకం చేద్దామని కూర్చున్నా. 140 పేజీలయ్యేసరికి నా వల్ల కాలేదు. మీరెలా సర్దుకుంటున్నారు? దండుల వారీగానా, రాసినవాళ్ల వారీగానా, తేదీల వారీగానా?

ఇనప_డాలు:

మూల పుస్తకం చాలండీ. 5 నాణేల డాలు 5 నాణేల డాలులాగే పనిచేస్తుంది, అందులో బలహీనం ఏముంది? తప్పదంటే మనిషికొక ఫ్యాన్ ఫైల్, అంతే. రెండోది కావాలంటే మొదటిది వదులుకోవాలి. మా గుంపులో ఈ ఒక్క నియమం పెట్టాక సగం ఫైళ్లు ఎవరికీ అక్కర్లేదని తేలిపోయింది.

మూడో_పాచిక:

కెప్టెన్ గారూ, ఆ పెద్ద పుస్తకం ఆలోచన ఇక్కడితో ఆపేయండి. నేను చేశాను. 212 పేజీలు, విషయసూచికతో సహా. ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించిన మర్నాడే ఓ దండులో ఒక లైను మారింది. ఆ పుస్తకం ఇప్పుడు మా టేబుల్ కాలు కింద ఉంది.

మీ కథలోనే జవాబుంది, మళ్లీ చదవండి. గొడవ సమాధుల దండు పేజీలో పుట్టలేదు. మూల పుస్తకంలోని పట్టిక ఆ దండుని తాకిన చోట పుట్టింది. దండు పేజీని రాసినవాడు చాలా శ్రద్ధగా రాస్తాడు. బలమెంత, చురుకెంత, ఎంతమంది, ఎంత ఖర్చు, అన్నీ ఉంటాయి. 1999లో రాసిన పట్టికకి మాత్రం ఈ కొత్త దండు పుడుతుందని తెలియదు కదా. అది స్కేవెన్ అంటుంది, పొసెస్డ్ అంటుంది, అన్‌డెడ్ అంటుంది, మిగతావాళ్లు అంటుంది. అతుకు ఊడేది అక్కడే. కాబట్టి ఫైళ్లను సర్దడం పక్కన పెట్టి అతుకుల జాబితా రాయండి.

నాకు తగిలిన అతుకులు చెప్తా. ఎక్స్‌ప్లొరేషన్ పట్టిక మీకు ఇప్పటికే తగిలింది. రెండోది కిరాయి సైనికులు. వాళ్ల రూల్స్‌లో 'ఫలానా దండులకు పనిచేస్తాడు' లేదా 'ఫలానావి తప్ప ఎవరికైనా' అని పేర్లు పెట్టి ఉంటుంది. 'తప్ప' అని ఉన్నచోట ప్రతి ఫ్యాన్ దండూ దర్జాగా లోపలికి వచ్చేస్తుంది. రచయిత ఎంత దుర్మార్గపు దండుగా రాసినా సరే, ఆ కిరాయివాడు నవ్వుతూ వచ్చి చేరతాడు. మూడోది సామాన్ల పట్టిక. కొన్ని వస్తువుల పక్కన ఏ దండుకి మాత్రమే దొరుకుతాయో రాసి ఉంటుంది, ఫ్యాన్ ఫైల్‌లో మాత్రం 'మామూలు సామాన్లన్నీ కొనొచ్చు' అని ఒక్క ముక్కతో వదిలేస్తారు.

నాలుగోది ఎవరూ పట్టించుకోరు, కానీ నన్ను ఎక్కువ ఏడిపించింది అదే. దండు రేటింగ్. మనిషికి 5 చొప్పున, ప్లస్ వాళ్ల అనుభవం. ర్యాట్ ఓగర్ లాంటి పెద్ద జంతువుకి మాత్రం 5 కాదు, 20. మా దగ్గర ఓ ఫ్యాన్ దండులో గుర్రమంత తోడేలుంది. అది పెద్దదో కాదో రచయిత రాయలేదు. 5 అనుకుంటే ఎదుటి దండుతో తేడా 45, 20 అనుకుంటే 60. తేడా 50 దాటితే తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లకి అదనంగా ఒక అనుభవం పాయింటు వస్తుంది. ఒక తోడేలు సైజు తేలక మూడు ఆటలు ఆ పాయింటు ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. టేబుల్ మీదికి వచ్చే ప్రతి ఫ్యాన్ దండుకీ అరపేజీ జాతకం రాస్తా. ఒకటి ఉన్నదున్నట్టు కింద పెడుతున్నా:

'అడవి తోడేళ్ల దండు. ఫైల్ తేదీ ఫలానా, మా దగ్గరున్నది రెండో వెర్షన్. మొదలు 500 నాణేలు, ఎక్కువలో ఎక్కువ 12 మంది. దారి తప్పినవాడు దొరికితే: మిగతావాళ్ల లెక్కే. కిరాయి సైనికులు: మెర్సినరీలకు (మూల పుస్తకంలోని మామూలు మనుషుల దండులు) వచ్చేవాళ్లే, వాళ్లలో ఎల్ఫ్ రేంజర్ మాత్రం రాడు. తోడేలు: పెద్ద జంతువే, 20. అనుభవం రాదు. మేం మార్చింది: ఏమీ లేదు.'

ఆ చివరి లైను ఎప్పుడూ ఖాళీగా వదలను. మార్చకపోతే మార్చలేదనే రాస్తా. ఖాళీగా వదిలితే ఆర్నెల్లకి ఎవడో ఒకడు ఏదో మార్చామని గట్టిగా గుర్తుంచుకుంటాడు.

ఇక గ్రేడుల సంగతి. దండులకి 1ఎ, 1బి అంటూ గ్రేడులిచ్చే పద్ధతి ఫ్యాన్స్‌లో ఎప్పట్నుంచో ఉంది. మూల పుస్తకంలోవి పైన, కిందికి పోయేకొద్దీ అధికారం తగ్గుతుంది. మంచిదే, కానీ ఆ గ్రేడు దండు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తుంది. మీ టేబుల్ మీద నడుస్తుందో లేదో చెప్పదు. నేను మూడు ఫోల్డర్లే పెట్టుకున్నా: ఆడినవి, ఆడనివి, ఆడి వద్దనుకున్నవి. మూడోదాంట్లోవి తీసేయకండి, ఎందుకు వద్దనుకున్నారో ఓ లైను రాసి ఉంచండి. లేకపోతే ఏడాది తిరిగేసరికి అదే ఫైల్ కొత్త కవర్ పేజీతో మళ్లీ వస్తుంది, మళ్లీ అదే దెబ్బ.

ఆఖరి మాట. క్యాంపెయిన్ మొదలైన రోజు జాతకాలన్నీ ప్రింట్ తీసి అందరూ సంతకం పెడతాం. అయ్యేదాకా మార్పు ఉండదు. మధ్యలో గొడవొస్తే ఓ పాచిక వేస్తాం, 4 లేదా పైన పడితే అడిగినవాడి మాట. ఆ గొడవని వాయిదాల కాగితం మీద రాసి, క్యాంపెయిన్ అయ్యాక తీరిగ్గా తేలుస్తాం.

ఎర్ర_సిరా:

జాతకం బాగుంది, నేనూ ఎత్తుకుపోతున్నా. కానీ 'అయ్యేదాకా మార్పు లేదు' అన్నచోట నాకు పేచీ ఉంది.

మా దగ్గర వడిసెల కథ జరిగింది. వడిసెల ధర 2 నాణేలు, దూరం 18 అంగుళాలు. కదలకుండా నిలబడితే, 9 అంగుళాల లోపు రెండుసార్లు విసరొచ్చు, ప్రతి విసురుకీ గురి పాచిక మీద -1. ఇది ఫ్యాన్ రూల్ కూడా కాదు, మూల పుస్తకమే. దానికి తోడు, వడిసెలకి ఆ -1 తీసేసే స్పెషల్ స్కిల్ ఉన్న ఓ ఫ్యాన్ దండుని ఒకడు తెచ్చాడు. విడివిడిగా చూస్తే రెండూ బాగానే ఉన్నాయి. మూడో ఆటకల్లా ఎదుటివాడి హీరోలు ముగ్గురు కాలూ చెయ్యీ పోగొట్టుకుని కూర్చున్నారు. సంతకాలు పెట్టాం కదా అని పది ఆటలు అలాగే ఈడ్చాం. ఐదో ఆట నుంచి ఇద్దరు రావడం మానేశారు. అందుకే ఇప్పుడు సగం క్యాంపెయిన్ దగ్గర ఒక్కసారి, ఒక్కటే మార్పు, అదీ అందరూ ఒప్పుకుంటేనే. స్కిల్ తెచ్చినవాడు కూడా ఒప్పుకోవాలి, లేకపోతే అది పగ తీర్చుకోవడం అవుతుంది.

ఇంకో విషయం ఎవరూ అనలేదు. అసలు ఫైల్‌ని ఎప్పుడూ దిద్దకండి. మీ మార్పులు వేరే పేజీలో ఉండాలి. ఫ్యాన్స్ ఉచితంగా కూర్చుని రాసినవి, వాళ్ల పేరున్న పేజీ చించేసి మన రూల్స్ అందులో దూర్చి తిప్పితే, రేపు మన తప్పుకి వాళ్లు తిట్లు తింటారు. మూల పుస్తకం నుంచి వాక్యాలకి వాక్యాలు ఎత్తి రాసి పంచొద్దు, బొమ్మలు అసలే వద్దు. పేజీ నంబరు ఇస్తే చాలు, పుస్తకం ఉన్నవాళ్లు చూసుకుంటారు. ఫైల్ పేరులో ముందు ఏడాది, తర్వాత నెల, ఆ తర్వాత దండు పేరు పెట్టండి. వాటంతటవే వరసలో నిలబడతాయి. 'ఫైనల్' అనే మాటని మాత్రం నిషేధించండి.

ఇనప_డాలు:

వడిసెల గురించి నేను పదేళ్లుగా మొత్తుకుంటున్నా.

ఒంటికన్ను_కెప్టెన్:

అందరికీ థ్యాంక్స్. మూడు వారాలు ఆగి రాస్తున్నా, ఈలోపు పని జరిగింది.

జాతకాలు రాద్దామని కూర్చుంటే ముందు సిగ్గేసింది. 73 ఫైళ్లలో మేం నాలుగేళ్లలో టేబుల్ మీద పెట్టినవి 9. మిగతావి డౌన్‌లోడ్ చేసి కవర్ పేజీ చూసి మురిసిపోయినవే. తొమ్మిదికీ జాతకాలు రెండు సాయంత్రాల్లో అయిపోయాయి. అతుకులు వెతుకుతుంటే మేం ఇంకా కొట్టుకోని గొడవలు నాలుగు దొరికాయి, వాటిని కొట్టుకోకుండానే తేల్చేశాం. ఎర్ర_సిరా గారి సగం క్యాంపెయిన్ మార్పు కూడా పెట్టుకున్నాం.

సమాధుల దండు 'మిగతావాళ్ల లెక్క' కిందికి వెళ్లింది. మావాడు అలిగాడు గానీ సంతకం పెట్టాడు. బదులుగా వాడి పెద్ద ఎముకల జంతువుని 20 కింద లెక్కేస్తామంటే, అది వాడికే నష్టమని ఇంకా గమనించలేదు. ఎవరూ చెప్పకండి.

డాలు కాగితం దొరికింది. ఆట పెట్టెలో, విరిగిన బొమ్మల కవర్ కింద, నాలుగు మడతలు పెట్టి ఉంది. 'డాలు + కత్తి మాత్రమే' అని రాసి, కింద గీత కూడా గీసి ఉంది. చేతిరాత నాది. మా ఫ్రెండ్ దాన్ని ఫొటో తీసుకుని గ్రూప్‌కి డీపీగా పెట్టాడు.

ఒక చిక్కు మిగిలింది. తొమ్మిదిలో ఒక ఫైల్‌కి రాసినవాళ్ల పేరు లేదు, తేదీ లేదు. చిత్తడి నేలల్లో పడవల మీద తిరిగే దొంగల దండు అది. ఫైల్ ఆరు పేజీలే. కానీ నాలుగో పేజీలో పడవ రూల్ దగ్గర 'ఏడో పేజీ చూడండి' అని ఉంది. ఏడో పేజీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. అందాకా వాళ్లు నడిచే వస్తారని జాతకంలో రాశాం.