‘కాల్షియంను నియంత్రిస్తుంది’ అనవచ్చునా?

ప్రశ్న: నాడీకణాల గురించి రాస్తున్న వ్యాసంలో ‘ప్రియాన్ ప్రోటీన్ కాల్షియంను నియంత్రిస్తుంది’ అని రాశాను. చదివిన మిత్రులొకరు, ఈ మాట వల్ల ఆ ప్రోటీన్ కాల్షియంను తగ్గిస్తుందన్న అర్థం వస్తోందన్నారు. ‘క్రమబద్ధీకరిస్తుంది’ అంటే మేలా? పెద్దలు తెలుపగలరు.

మొదటి సమాధానం: మీ మిత్రుల అభ్యంతరంలో బలముందండీ. సంస్కృతంలో ‘నియంత’ అంటే సారథి అన్న అర్థం కూడా ఉన్నది కనుక, పగ్గాలు బిగించడమూ వదలడమూ రెండూ ఆ ధాతువులో ఇముడుతాయని వాదించవచ్చును. అయితే కాలుష్య నియంత్రణ, జనాభా నియంత్రణ వంటి ప్రయోగాలకు అలవాటుపడిన నేటి పాఠకుడికి తగ్గించడం, అడ్డుకోవడం అన్న అర్థమే ముందుగా తోస్తుంది.

విషయాన్ని బట్టి చూసినా ఆ అర్థం సగమే నిజం. విశ్రాంత స్థితిలో ఉన్న నాడీకణం లోపలి ద్రవంలో కంటే బయట కాల్షియం అయాన్ల గాఢత సుమారు 10,000 రెట్లు ఎక్కువగా ఉంటుంది; ఎన్‌ఎండీఏ గ్రాహకాలు (గ్లుటమేట్ అనే రసాయన సంకేతం అందగానే తెరుచుకునే ద్వారాలు), విద్యుత్ మార్పుకు తెరుచుకునే కాల్షియం మార్గాలు వాటిని లోపలికి రానిస్తాయి. సహజ ప్రియాన్ ప్రోటీన్ (రోగం కలిగించేది కాక, ఆరోగ్యవంతమైన కణంలో ఉండే రూపం) ఒక కొవ్వు లంగరుతో కణత్వచం బయటి వైపున అంటిపెట్టుకొని ఉంటుందే తప్ప, త్వచాన్ని చీల్చుకొని లోపలికి దారి తీసే మార్గం కాదు. ఈ ప్రోటీన్ లేని ఎలుకల హిప్పోకాంపస్ (మెదడులో జ్ఞాపకానికి కీలకమైన భాగం) కణాలలో ఎన్‌ఎండీఏ గ్రాహకాల ప్రవాహాలు ఎక్కువసేపు సాగాయని 2008లో వెలువడిన పరిశోధన చూపింది. అంటే అక్కడ అది పగ్గమే. అదే హిప్పోకాంపస్‌లో, అదే ప్రోటీన్ లేనప్పుడు, ఎల్-రకం మార్గాల (విద్యుత్ మార్పుకు తెరుచుకునే వాటిలో ఒక రకం) ద్వారా వచ్చే కాల్షియం ప్రవాహం తగ్గినట్లు మరికొన్ని ప్రయోగాలలో కనిపించింది. ఒకచోట ఆపేదీ మరొకచోట తోడ్పడేదీ అయిన దానికి ‘నియంత్రణ’ అన్న ఒక్క క్రియ చాలదు. పైగా ఈ ప్రోటీన్ తయారుకాకుండా జన్యువును మార్చి 1992లో పెంచిన ఎలుకలు చెప్పుకోదగ్గ లోపం లేకుండానే ఎదిగాయి కనుక, కాల్షియం అధికారమంతా దీని చేతిలోనే ఉందన్నట్లు రాయడం అతిశయోక్తి.

‘క్రమబద్ధీకరణ’ను నేను సూచించను. ఉద్యోగుల క్రమబద్ధీకరణ, లేఅవుట్ల క్రమబద్ధీకరణ అంటూ పత్రికలు దానికి వేరే అర్థాన్ని స్థిరపరచాయి. ‘నాడీకణాలలో కాల్షియం సమతుల్యతను నిలపడంలో ప్రియాన్ ప్రోటీన్ పాలుపంచుకుంటుంది’ అని రాయండి. ఎన్‌ఎండీఏ గ్రాహకాల ప్రస్తావన వచ్చినచోట మాత్రం ‘అదుపు చేస్తుంది’ అనే తెలుగు మాటను నిస్సంకోచంగా వాడవచ్చును; అక్కడ అదే కచ్చితమైన పదం.

రెండవ సమాధానం: పై వారి సవరణతో ఏకీభవిస్తూనే, కర్త విషయంలోనూ జాగ్రత్త అవసరమని మనవి. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్ 1982లో ‘ప్రియాన్’ అన్న పేరు పెట్టింది అంటువ్యాధి కారకానికి. మెదడును దెబ్బతీసే ఆ రూపం తప్పుగా ముడుచుకున్న ప్రోటీన్. కాల్షియం విషయంలో మీరు చెబుతున్నది ఆరోగ్యవంతమైన కణంలో పుట్టే సహజ రూపం. ‘సహజ’ అన్న విశేషణం లేకపోతే, రోగకారకమే నాడీకణానికి మేలు చేస్తోందని పాఠకుడు పొరబడతాడు. వ్యాసంలో మొదటిసారి మాత్రమే కాక, రెండు రూపాలూ ఎదురుపడిన ప్రతి పేరాలోనూ ఆ విశేషణాన్ని ఉంచండి.