చంద్రుడి మీద నీళ్ళు సరే, మనూరి నీళ్ళ సంగతేందిరా అంటోంది మా అమ్మ. ఏం చెప్పాలి?

పీణ్య లేత్:

అందరికీ నమస్తే. నాది బెంగళూరు పీణ్యలో చిన్న షెడ్డు. రెండు లేత్‌లు, కంప్యూటరు నడిపే పాత సీఎన్‌సీ మెషిను ఒకటి, నాతో కలిపి ఐదుగురం. సొంతూరు కనిగిరి పక్కన. ఊరొదిలి 19 ఏళ్ళయింది.

2023 ఆగస్టు 23న, చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగే రోజు, సాయంత్రం ఐదున్నరకే మెషిన్లు ఆపేసి, సెల్లు టూల్ బాక్సుకి ఆనించుకుని కూర్చున్నాం. చంద్రయాన్-3ని నడిపిన ఇస్రో కంట్రోల్ కేంద్రం ఇస్ట్రాక్ మా షెడ్డుకి బండి మీద పది నిమిషాలు. ఆ కాంపౌండు గోడ పక్కనుంచి ఎన్నిసార్లు పోయినా లోపల ఏం జరుగుతోందన్న ధ్యాసే ఉండేది కాదు. ఆ రోజు వేరు. 30 కిలోమీటర్ల ఎత్తునుంచి దిగడం మొదలయ్యాక 19 నిమిషాలపాటు ఎవడూ నోరెత్తలేదు. మా బీహార్ కుర్రాడు చెయ్యి తుడుచుకుంటున్న వేస్టు గుడ్డని అట్టాగే పట్టుకుని నిలబడిపోయాడు. 6.04కి దిగింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, దాచుకోవడం ఎందుకు. మూడేళ్ళ కిందట ఒక కంపెనీకి మూడో చెయ్యి మీదుగా అల్యూమినియం బ్రాకెట్లు చేసిచ్చా. శాటిలైట్‌కన్నారు, ఏ శాటిలైటో చెప్పలేదు. 60 పీసుల్లో 11 రిజెక్టు చేశారు, రంధ్రం 20 మైక్రాన్లు పక్కకి జరిగిందని. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. బిల్లు ఐదు నెలలకొచ్చింది. అయినా ఆ సాయంత్రం అది నాదే అనిపించింది.

మైసూర్‌పాక్ తీసుకుని ఇంటికెళ్ళా. మోకాళ్ళు చూపిద్దామని నెలరోజుల కింద అమ్మని ఇక్కడికి తెచ్చుకున్నాను. మాది ఫ్లోరైడ్ నేల, ఆ నీళ్ళు ఎముకల్నీ పళ్ళనీ పాడుచేస్తాయి. అమ్మ నడుము వంగింది, గోడ పట్టుకోనిదే లేవలేదు. నా పళ్ళ మీద కూడా గోధుమరంగు చారలుంటాయి, ఫొటో అంటే ఇప్పటికీ పెదాలు బిగించేస్తా. టీవీ చూస్తూ అమ్మ అడిగింది:

"చంద్రుడి మీద నీళ్ళున్నయ్యని మనోళ్ళే కనిపెట్టారంట గదరా. మనూరి బోరు నీళ్ళు తాగకూడదని నీ చిన్నప్పుడే చెప్పిపోయారే. మరి తాగే నీళ్ళు యాడున్నయ్యో ఇంకా కనిపెట్టలా?"

మా బావ, అంటే చెల్లెలి భర్త, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్. "అత్తయ్యా, మొత్తం 615 కోట్లే, ఈ రోజుల్లో ఒక పెద్ద సినిమాకి అంతవుద్ది" అన్నాడు. "సినిమా వాళ్ళని నేనడగలా నాయనా" అంది అమ్మ.

నేను ఇస్రోకి వ్యతిరేకిని కాను. కానీ ఆమె అడిగింది అన్యాయంగానూ లేదు. ఏమని చెప్పమంటారు?

కుందలహళ్ళి కుర్రోడు:

అన్నా, మీ బావగారు చెప్పింది కరెక్టే. ఇంకా వివరంగా చెప్పాల్సింది. 2023-24 కేంద్ర బడ్జెట్ 45 లక్షల కోట్లు. అంతరిక్ష శాఖకి ఇచ్చింది దాదాపు 12,500 కోట్లు. నూరు రూపాయల్లో 28 పైసలు. అదే ఏడాది ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్‌కి 70,000 కోట్లు పెట్టారు. అంటే నీళ్ళకి పెట్టింది మొత్తం అంతరిక్షానికి ఐదున్నర రెట్లు. చంద్రయాన్-3 ఒక్కదాన్నే తీసుకుని 140 కోట్ల మందికి పంచితే మీ అమ్మగారి వాటా నాలుగు రూపాయల నలభై పైసలు. ఇస్రో మూసేస్తే మీ ఊరికి నీళ్ళొస్తాయా?

పీణ్య లేత్:

తమ్ముడూ, లెక్కలో తప్పు లేదు. కానీ నా నాలుగు రూపాయలు నాకిచ్చెయ్యమని ఆమె అడగలేదు. పైగా నువ్వు చెప్పిన లెక్కతో నాకే ఇంకో దిగులు పట్టుకుంది. డబ్బు లేక కాదన్నమాట.

మీలో ఎంతమందికి తెలుసో, వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కోటి 19 కిలోమీటర్లలోపే. కృష్ణ నీళ్ళు మా వైపుకి రావాలి. నేను ఐటీఐలో చేరకముందు మొదలైంది, నా కొడుకు డిప్లొమాలో చేరాడు, ఈ 2023కీ నీళ్ళు రాలేదు. శ్రీహరికోటలో జులై 14న లేచింది నలభై రోజుల్లో చంద్రుడి మీద దిగింది.

సవరణ పురుగు:

చిన్న దిద్దుబాటు. చంద్రుడి మీద నీటి అణువుల జాడ తేల్చింది 2008లో వెళ్ళిన చంద్రయాన్-1 మీదున్న నాసా పరికరం. మోసుకెళ్ళింది మనం. 2009లో ప్రకటించారు. అవి తాగే నీళ్ళూ కావు, చెరువులూ కావు. అమ్మగారికి ఈ తేడా చెప్పండి.

పీణ్య లేత్:

చెప్పా. "మాయీ తాగే నీళ్ళు కావులే" అంది.

దివిసీమ పిల్ల:

నేను చెన్నై పెరంబూర్‌లో ఉంటాను, మాది నాగాయలంక వైపు. అన్నగారూ, మా నాయనమ్మ వైపు నుంచి ఒక మాట. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆమె తాటిచెట్టుకి చీర కొంగుతో కట్టేసుకుని బతికింది. ఇద్దరు పిల్లలు పోయారు. మొత్తం పదివేలమంది దాకా పోయారంటారు. అంత పెద్ద అల మీదకొస్తుందని ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు మా పిన్ని అక్కడే ఉంది. నాలుగు రోజుల ముందునుంచీ టీవీలో ఆ తెల్లటి సుడి ఎటు కదులుతోందో చూపిస్తూనే ఉన్నారు. చెట్టనేది మిగల్లేదు గానీ, మన రాష్ట్రంలో ప్రాణాలు పోయింది వందలోపే. నాయనమ్మ అప్పటికి బతికే ఉంది. ఇన్శాట్ ఉపగ్రహం తీసిన మేఘాల బొమ్మ వస్తే టీవీ ముందునుంచి లేచేది కాదు.

చంద్రుడి మీదకెళ్ళడం, తుఫాను కనిపెట్టడం ఒకటి కాదని నాకూ తెలుసు. ఆ పేరు చెప్పి ఈ ఖర్చుని సమర్థించడం నాకూ నచ్చదు. కానీ రెండు పనులూ నేర్చుకున్నది ఒకే చోట.

సూళ్ళూరుపేట:

అందరూ బెంగళూరు గురించే మాట్లాడుతున్నారు, ఎగిరేది మా దగ్గర్నుంచి. ప్రయోగం ఉన్నప్పుడల్లా మా ఇంటి కిటికీ అద్దాలు గలగలమంటాయి. మా బజారు నడిచేది షార్, అదే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, జీతాల మీదే, కాదనను. కానీ 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్ ఎగరక ముందు ఆ శ్రీహరికోట దీవిలో ఉన్నది యానాదులు. అడవి, చేపలు, తేనె వాళ్ళ బతుకు. దేశం కోసం ఇల్లూ అడవీ వదిలిందెవరో ఈ లెక్కల్లో ఎక్కడా కనపడదు. 28 పైసల్లో అది కలిపారా?

ఇంతే చెప్పదల్చుకున్నా.

పెన్షనర్:

నాయనా పీణ్య లేత్, నేను విమానపుర దగ్గర ఇస్రోలో ఉపగ్రహాల టెస్టింగులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మేము చేరినప్పుడు పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు, 1975లో మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్ట తయారైంది మీ పీణ్య రేకుల షెడ్డుల్లోనేనని. కాబట్టి నువ్వు నాదే అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఖర్చు గురించి చెప్పను, చాలామంది చెప్పారు. 2019 సెప్టెంబరు 7 గురించి చెప్తాను. ఆ రాత్రి చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయింది. దేశమంతా ఓదార్చింది. ఓదార్పు అయ్యాక కూర్చుని లెక్క తీశారు. ఐదు ఇంజన్లు అనుకున్నదానికంటే కాస్త ఎక్కువ తోశాయి. ఆ తేడాలు పోగుపడ్డాయి. సరిచేసుకోవడానికి అది చాలా వేగంగా తిరగాల్సి వచ్చింది, సాఫ్ట్‌వేర్ అంత వేగానికి ఒప్పుకోలేదు. దిగాల్సిన జాగా చూస్తే అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు. ఇవన్నీ అప్పుడు ఇస్రో చైర్మన్‌గా ఉన్న సోమనాథ్ గారు 2023 జులైలో బాహాటంగానే చెప్పారు. ఈసారి ఇంజన్లు నాలుగే, కాళ్ళు గట్టివి, ఇంధనం ఎక్కువ, దిగే జాగా నాలుగు కిలోమీటర్ల పొడవు. ఏది చెడిపోవచ్చో ముందే రాసుకుని, చెడిపోయినా దిగేట్టు చేశారు. కల్పన గారు మన తెలుగమ్మాయే, అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టరు. దిగిన రోజు ఆమె ముఖం చూశావా? ఆ నాలుగేళ్ళ నిద్రలేమి అందులో ఉంది.

నీ 11 పీసులు రిజెక్టయినప్పుడు నీతో ఒక కాగితం రాయించుకుని ఉంటారే?

పీణ్య లేత్:

రాయించుకున్నారు సార్. ఎన్‌సీఆర్ అంటారు. ఏ పీసు, ఎంత తేడా, కారణం, మళ్ళీ రాకుండా ఏం చేశావు. కారణం గడిలో "ఆపరేటర్ పొరపాటు" అని రాస్తే తిప్పి పంపారు. ఆ మాట కుదరదన్నారు. మూడోసారికి తేలింది. మధ్యాహ్నం రేకు వేడికి మెషిను, పీసు రెండూ సాగుతున్నాయి, పొద్దున సెట్ చేసిన కొలత మధ్యాహ్నానికి నిలబడట్లేదు. ఆ జాబ్ రాత్రి షిఫ్టులో కొట్టాం. తర్వాత ఒక్కటీ పోలేదు.

మీరు అడిగాక రాత్రంతా అదే ఆలోచన. మా చిన్నప్పుడు బకెట్లో పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్ పోయేట్టు నీళ్ళు తేర్చుకునేవాళ్ళం, నల్గొండ పద్ధతి అంటారు దాన్ని. నాలుగు నెలలు చేసి మానేశారు. ఎందుకు మానేశారో ఎవరూ రాసుకోలేదు. తర్వాత చేతిపంపుకి ఏదో ఫిల్టరు బిగించారు, పోయింది. 2016లో గుడి పక్కన నీళ్ళు శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు పెట్టారు, రిబ్బను కటింగు, ఫ్లెక్సీలు. రెండేళ్ళుగా తాళం. దానికి కారణం గడి ఎక్కడుంది?

అమ్మకి ఇదంతా చెప్పా, నా భాషలో. రిజెక్టు కాగితం గురించి కూడా. కాసేపు ఊరుకుని, "మోటారు బాగానే ఉందిరా. నీళ్ళు లోపలికి పోతయ్యి, బయటికి రావు. మంగమ్మ మొగుడు మొదట్నుంచీ అదే మొత్తుకుంటన్నాడు" అంది. రెండేళ్ళుగా నాకు తెలియదు ఈ మాట. అడగలేదు గనక.

వినాయకచవితికి ఊరెళ్తున్నా. స్పానర్లు తీసుకెళ్తా. ప్లాంటు పేరుపలక మీద గంటకి 500 లీటర్లు అని ఉందట. మెంబ్రేన్, అదే నీళ్ళు వడకట్టే పొర, ఏ సైజు పట్టుద్దో తెలిసినవాళ్ళు చెప్పండి.

కుందలహళ్ళి కుర్రోడు:

అన్నా, మా అపార్ట్‌మెంట్లో అదే కెపాసిటీ ఉంది. 4040 సైజువి, అంటే నాలుగంగుళాల లావు, నలభై అంగుళాల పొడవువి, రెండు పడతాయి, కానీ ముందే కొనకండి. లోపలికెళ్ళే నీళ్ళ టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల లెక్క), ప్రెషరు చూసుకోండి. ముందున్న కార్ట్రిడ్జ్ ఫిల్టరు మూసుకుపోయినా నీళ్ళు రావు, అది రెండు మూడొందల్లో పోద్ది. టీడీఎస్ మీటర్ నా దగ్గరుంది, ఆదివారం పీణ్య వచ్చి ఇస్తా.

దివిసీమ పిల్ల:

ప్లాంటు వదిలేసే నీళ్ళని బోరు పక్కన పోయనివ్వకండి అన్నగారూ, ఫ్లోరైడు చాలావరకు వాటిలోనే ఉంటుంది.

పీణ్య లేత్:

రాసుకున్నా అమ్మా. తమ్ముడూ, ఆదివారం పదకొండు తర్వాత రా, పొద్దున షెడ్డులో కరెంటు తీస్తారు.