చౌరింఘీ అంటే కలకత్తానేనా? 1944 లాగ్‌బుక్‌లో ఊళ్లకి ఏ పటం ముందు?

చిత్తుపుస్తకం
బర్మా రంగంలో పనిచేసిన ఒక డకోటా (రవాణా విమానం) పైలట్ లాగ్‌బుక్‌ని పట్టికలోకి ఎక్కిస్తున్నాం. 1944 మార్చి 8, ఎర్ర సిరా వరుస: తులిహాల్ (ఇంఫాల్ దగ్గరి విమానాశ్రయం) – చౌరింఘీ – తులిహాల్, రాత్రి గంటలు 2.40, అంటే 2 గంటల 40 నిమిషాలు. చౌరింఘీ కలకత్తాలో వీధి కదా అని అక్కడే పిన్ గుచ్చాను. కాదని ఇద్దరు ఫోన్ చేశారు. ఇలాంటివాటికి ఏ పటంతో మొదలుపెట్టాలి?

పటాలపిచ్చి
ముందు ఆ కాలపు షీటు తీయండి, గూగుల్ కాదు. 1989లో బర్మా పేర్లు మార్చేసింది. లాగ్‌బుక్‌లో అక్యాబ్ అని ఉంటే ఇవాళ సిత్వే, ప్రోమ్ ప్యే అయింది, మేమ్యో ప్యిన్ ఊ ల్విన్. పెద్ద ఊళ్లు సరే, పల్లెల పాత స్పెల్లింగ్ ఎక్కడా తగలదు. సర్వే ఆఫ్ ఇండియా పావంగుళం షీట్లు, అంటే అంగుళానికి 4 మైళ్లు, ఒక్కోటి ఒక డిగ్రీ. 4 డిగ్రీల గడికి ఒక అంకె, అందులో 16 అక్షరాలు. అందరూ తప్పేది ఇక్కడే: అక్షరాలు అడ్డంగా నడవవు, పైనుంచి కిందికి దిగుతాయి. మన హైదరాబాద్ 56 కె కదా, ఆ లెక్కనే ఇంఫాల్ 83 హెచ్, అక్యాబ్ 84 డి. షీటు దొరక్కపోతే అమెరికా సైన్యం 1950లలో వేసిన 1:2,50,000 వరుస, యు542, టెక్సస్ యూనివర్సిటీ సైట్లో ఉచితం. యుద్ధం తర్వాతిదే అయినా స్పెల్లింగ్ చాలావరకు పాతదే.

డకోటా_44
అడిగిందొకటి, చెప్పేదొకటి. పదహారు షీట్లు తిరగేసినా చౌరింఘీ కనబడదు, ఎందుకంటే అది ఊరే కాదు. జపాన్ సైన్యం వెనక పోరాడిన బ్రిటిష్ చిండిట్ దళాలు దిగిన చోటికి పెట్టిన మారుపేరు. ఇరావతికి తూర్పున, ష్వేలీ నది కలిసే చోటికి దగ్గర్లో, నాలుగు రాత్రులు వాడి వదిలేశారు. బ్రాడ్‌వే, పికడిలీ, అబర్డీన్ కూడా అలాంటివే. అరకాన్‌లో హోవ్, బ్రైటన్ అని కనబడితే ఇంగ్లండ్ వెళ్లిపోకండి, అవి విమానాలు దిగే స్ట్రిప్పులు.

ముందు గంటల గడి చూడండి. 2.40లో దిగడం ఎక్కడం 20 నిమిషాలు తీసేస్తే 2.20, ఒకవైపు 1.10. డకోటా గంటకి 150 మైళ్లనుకుంటే 175 మైళ్లు. కలకత్తా నేరుగా దాదాపు 380. చౌరింఘీ 150 పైచిలుకు. షీటు తెరవక్కర్లేకుండానే తేలిపోయింది.

గన్నవరంవాసి
కొకనాడా, బెజవాడ, మసూలిపటం మనకి నోటికొచ్చు కాబట్టి సరిపోయింది. పాపం బర్మా వాళ్లు.

పటాలపిచ్చి
కలకత్తా అని నేనెక్కడన్నాను? ఒక్క చౌరింఘీ పట్టుకుని పటాలే దండగంటే ఎలా. ఆ లాగ్‌బుక్‌లో మిగతా రెండొందల వరుసలూ మామూలు ఊళ్లే కదా. గాలి ఎదురైతే మీ 150 ఎంతవుతుంది? కొండల మీద మేఘాలొస్తే చుట్టు తిరగరా?

డకోటా_44
గాలి అటూ ఇటూ ఉంటుంది సార్, పోనూ రానూ కలిపితే తేడా కొద్దే. రెట్టింపు కాదు.

గజంబద్ద
మధ్యలో ఒక్క మాట. స్క్వాడ్రన్ రికార్డుల్లో గ్రిడ్ అంకెలు (పటం మీద చోటు చెప్పే గడి అంకెలు) దొరికితే అవి గజాలు, మీటర్లు కావు. గజం 0.9144 మీటరు. లక్ష గజాల గడిలో ఆ చివరికి పోయేసరికి ఎనిమిదిన్నర కిలోమీటర్లు తప్పుతారు. పైగా ఎవరెస్ట్ గోళం (పాత పటాలు వాడిన భూమి ఆకారం లెక్క) నుంచి ఇవాళ్టి జీపీఎస్ లెక్కకి మార్చకపోతే ఇంకొన్ని వందల మీటర్లు.

చిత్తుపుస్తకం
చౌరింఘీ మార్చేశాను. ఇంకోటి ఉంది. 1945 ఫిబ్రవరి, తులిహాల్ నుంచి య్వాథిట్‌కి సరుకు జారవేత, 3.10.

పటాలపిచ్చి
య్వా అంటే ఊరు, థిట్ అంటే కొత్త. మన కొత్తపల్లి. ఎన్ని కొత్తపల్లెలున్నాయో అన్ని య్వాథిట్‌లు. ఖాళీగా వదిలేయండి.

డకోటా_44
ఎందుకు వదలాలి? జారవేతకి ఎనిమిది పది చుట్లు, 40 నిమిషాలు తీయండి. మిగిలింది 2.30, సగం 1.15, దాదాపు 187 మైళ్లు. ఆ వలయంలో, ఆ వారం సైన్యం ఉన్న వైపు ఏ య్వాథిట్ ఉందో దాని మీద పిన్.

పటాలపిచ్చి
నలభై అని ఎవరు చెప్పారు? ఇరవై అయితే ఇంకో పాతిక మైళ్లు జరుగుతుంది, ఇంకో కొత్తపల్లి తగులుతుంది. పోయినసారి కలేవాని కలేమ్యో చేసింది ఈ కాకి లెక్కలే. నా పట్టికలో ఆ తప్పు ఇప్పటికీ ఉంది, మూడు సైట్ల వాళ్లు ఎత్తుకుపోయారు కూడా.

డకోటా_44
మీ పట్టిక! సగం గడులు ఖాళీ. పైలట్ ఇంటివాళ్లు మా తాత ఎక్కడికెళ్లాడో చూపించమంటే తెల్ల కాగితం ఇస్తారా?

పటాలపిచ్చి
ఇస్తాను. తెల్ల కాగితం మీద తర్వాత ఎవరైనా రాయొచ్చు. పిన్ గుచ్చితే ఇంకెవరూ వెతకరు.

గజంబద్ద
అంటే గొడవ పటాల గురించి కాదన్నమాట.

డకోటా_44
పిన్ వద్దంటే వలయం గీయండి, పక్కన "లెక్క కట్టినది" అని రాయండి. అదీ వద్దా?

పటాలపిచ్చి
వలయం సరే. కానీ ఊరి పేరు గడిలో కాదు, వేరే గడిలో. లాగ్‌బుక్ స్పెల్లింగ్‌ని ఎవరూ ముట్టుకోకూడదు.

చిత్తుపుస్తకం
లండన్ క్యూలోని ఆర్కైవ్స్ నుంచి ఎయిర్ 27 ఫైలు (స్క్వాడ్రన్ రికార్డు) స్కాన్ ఇప్పుడే వచ్చింది. ఫారం 540లో నెల సారాంశమే ఉంది. 541లో ఆ రోజు వరుస దొరికింది, గ్రిడ్ కూడా ఉంది: రెండక్షరాలు, నాలుగంకెలు. రెండో అక్షరం మీద సిరా ఒలికింది.

గజంబద్ద
రెండో అక్షరమే లక్ష గజాల గడి. అంకెలు చదవగలిగితే ఇక్కడ పెట్టండి, ఒక్కో గడిలో అదే చోటు గుర్తుపెట్టి వలయంలో పడేవి ఎన్నో చూద్దాం.

డకోటా_44
40 నిమిషాలతో గీయండి.

పటాలపిచ్చి
20తో ఒకటి, 40తో ఒకటి.